ఏడో వరసలో అక్షింతల పురుగులు

రోజు 1

ఈ పుస్తకం శుద్ధి శాఖ వాళ్లు ఇచ్చింది. పేజీకి ఐదు గళ్లు: వేడి, తేమ, పోసిన నీళ్లు, కోసిన కాయలు, సంతకం. గళ్లలో రాయాల్సింది రాసేసి, అంచుల్లోనూ వెనకవైపునా నాకు తోచింది రాసుకుంటాను. ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను. శాఖలో ఒక్కరూ చదివిన పాపాన పోలేదు.

నా పేరు నూకాలు. అద్దాలపేట, ఏడో వరస, నాలుగో ఇల్లు. పొద్దుట నీటి మోటార్ల గదిలో పని, తర్వాతంతా పెరటి గదిలోనే. పన్నెండు తొట్లు ఉన్నాయి నాకు. బెండ, మిరప, గోంగూర, టమాటా, వెల్లుల్లి, ఒక తొట్టిలో చిక్కుడు. మిగతా నాలుగూ వంగ. ఆ నాలుగు మొక్కల సంగతి మా వరసలో ఎవరిని అడిగినా చెబుతారు. చెప్పకపోతే నేనే చెబుతాను, నాకేం మొహమాటం లేదు.

అది ముళ్ల వంగ. సముద్రం ఊళ్ల మీదికి వచ్చిన ఏడు, జనమంతా కొండెక్కుతుంటే మా అత్త గౌరమ్మ కొంగున కట్టి తెచ్చిన విత్తనం. పేట మొత్తం మీద మా ఇంట్లో తప్ప ఎక్కడా లేదు. శాఖ వాళ్లు పంచే నున్నటి వంకాయ ఉడికిస్తే నీళ్లు, వేయిస్తే తోలు. మా వంకాయ మూకుడులో వేస్తే పదో ఇంటివాళ్లు కూడా తలుపు తీసి చూస్తారు.

ఈ ఏడు ఒక పొరపాటు జరిగింది. విత్తనాల డబ్బాలోకి తేమ చేరి మొత్తం బూజు పట్టింది. అందుకే రెండు కాయలు కోయకుండా మొక్కనే వదిలాను. అవి పసుపుపచ్చగా పండి, తోలు గట్టిపడితేనే విత్తనం. ఇంకా ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది. ఆ రెండు కాయలూ పోతే ముళ్ల వంగ అనేదే ఇక ఉండదు.

ఈ పొద్దు పూలను కుంచెతో తడుతుంటే (గాజు కప్పు కింద కాయ కాయాలంటే పువ్వు పువ్వునూ మనమే తట్టాలి) వేళ్లకి జిగురు అంటింది. ఆకు తిప్పి చూశాను. ఈనెల పొడుగునా ఆవగింజ కన్నా చిన్న పచ్చటి చుక్కలు. ఒక చుక్క నడిచింది.

పేట మీద గాజు కప్పు వేసి నలభై ఎనిమిదేళ్లు. అప్పుడు నాకు ఎనిమిది. దోమ కుడితే గోక్కున్నట్టు గుర్తు, అంతే. ఆ తర్వాత కప్పు కింద పురుగన్నది లేదు. పోయిన నెల గాలివానకి మా వరస పైన అద్దం ఒకటి పగిలి రెండు రోజులు తెరిచే ఉంది. అక్కడినుంచి వచ్చి ఉంటాయి.

పురుగు కనబడితే శాఖకి చెప్పాలి. చెబితే గొట్టాలు మోసుకొస్తారు, పెరటి గది తలుపు మూసి ఆవిరి వదులుతారు. ఒక్క ఆకు కూడా మిగలదు. విత్తనం కాయలు అసలే మిగలవు.

నేను చెప్పలేదు. పుస్తకంలో రాస్తున్నాను కదా అంటారేమో. రాయడం వేరు, చెప్పడం వేరు.

రోజు 2

అత్తకి చెప్పాను. ఇంట్లో మేమిద్దరమే. మా ఆయన పోయి ఆరేళ్లయింది. అత్తకి ఎనభై తొమ్మిది, చూపు దాదాపు లేదు. నోరు మాత్రం శుభ్రంగా ఉంది. ముప్పై ఏళ్లలో నేను వండినది బాగుందని ఒక్కసారి అనలేదు. బాగుంటే మాట్లాడకుండా తింటుంది, అదే మెచ్చుకోలనుకోవాలి.

పెరటి గదిలో పీట వేసి కూర్చోబెట్టి, ఆకు చేతిలో పెట్టాను.

"ఎగురుతున్నాయేటే? ముట్టుకుంటే తెల్లగా లెగుస్తున్నాయా?"

"లేదత్తా."

"అయితే తెల్లదోమ కాదు. దూది అంటించినట్టుందా?"

"లేదు. పచ్చగా ఉన్నాయి."

"పిండినల్లి కాదు. సన్నటి దారాల్లాగ అల్లి ఉందా ఆకెనకాల?"

అదీ లేదన్నాను. అత్త ఆకుని రెండు వేళ్ల మధ్య రాసి, వేళ్లు వాసన చూసి, నాలుక కొసకి తాకించింది.

"తియ్యగా ఉంది. పేనుబంక. లేత ఆకులో రసం పీల్చి బంక వదులుద్ది. లేతవన్నీ ముడుసుకుపోతాయి సూడు, ఇంకో నాలుగు రోజుల్లో."

నలభై ఎనిమిదేళ్ల తర్వాత, కళ్లు లేకుండా, వేళ్లతో చెప్పేసింది. నాకు కుళ్లు పుట్టిందని రాయడానికి సిగ్గు లేదు. నీకెలా తెలుసత్తా అని అడిగితే, పొలం చేసినదాన్ని తెలీదేటి అని మొహం తిప్పుకుంది.

రోజు 3

అత్త చెప్పినట్టు చేశాను. మోటార్ల గదినుంచి సన్నమూతి గొట్టం తెచ్చి, తెల్లారగానే ఆకుల వెనకవైపు గట్టిగా నీళ్లు కొట్టాను. పొద్దున్నే కొడితే మొక్కలకి ఎండలా కాసే దీపాలు వెలిగేలోగా ఆకు ఆరిపోతుందట. మరీ ముడుచుకుపోయిన చిగుళ్లు రెండు తుంచి సబ్బు నీళ్లలో వేశాను. సగానికి సగం రాలిపోయాయి. కొట్టేటప్పుడు విత్తనం కాయల తొడిమలకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

వంకాయ కూర చేశాను. అత్త మాట్లాడకుండా తింది.

రోజు 5

మళ్లీ వచ్చాయి. వెల్లుల్లి, పచ్చిమిర్చి నూరి, నానబెట్టి, వడగట్టి నీళ్లలో కలిపి చల్లమంది అత్త. గిన్నెడు రసానికి బిందెడు నీళ్లు అంది. నేను అరబిందె పోశాను. నా చేతికి కారం ఎక్కువని పేరుంది కదా, పురుగుకి తక్కువ చేస్తానా అనుకున్నాను.

మధ్యాహ్నానికి మిరప ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకి వచ్చాయి. రెండు పూలు రాలాయి.

"బిందెడు అన్నానా లేదా?" అంది అత్త.

"అన్నావు."

"మరేటి పోసినావు?"

ఆమె వదల్లేదు. ఇన్నేళ్లు వచ్చినా కొలత తెలీదని, కోపమొస్తే చేతికి అంతుండదని, మొక్కలకి కూడా అత్తగారి మీద కోపం చూపిస్తానని పావుగంట చదివింది. అందులో సగం నిజమే. అందుకే ఎక్కువ మండింది. ఇక ఈమెని ఏదీ అడగకూడదనుకున్నాను. నా పెరడు, నా చేతులు, నా కళ్లు.

రోజు 7

కొత్తవి కనబడ్డాయి. నా చిటికెన వేలి గోరంత పొడుగు. నల్లగా, వీపంతా ముళ్లలాంటి బుడిపెలు, పక్కన నారింజ మచ్చలు, ముందువైపు ఆరు కాళ్లు. పచ్చ చుక్కల గుంపుల్లోనే తిరుగుతున్నాయి. చూస్తే ఒళ్లు జలదరించింది. ఇంకేముంది, వీటికి తల్లులు ఇవే అనుకున్నాను.

అత్తని అడగలేదు. గిన్నెలో సబ్బు నీళ్లు పోసుకుని, కుంచె మొనతో ఒక్కొక్కటే తీసి వేశాను. పదిహేడు. అన్నీ వేశాక నడుము పట్టుకుని లేచి, గిన్నె వంక చూసి, నూకాలు అంటే ఏమనుకున్నారు అని పైకే అన్నాను. అత్త వరండాలో వింది. ఏమిటని అడగలేదు, నేనూ చెప్పలేదు.

రోజు 8

ఎనిమిది రోజులకోసారి వచ్చే తనిఖీ. మా వరసకి తనిఖీ చేసేవాడు పైడిరాజు. ముప్పై ఏళ్లుంటాయి, కప్పు కింద పుట్టినవాడు, మా వరస చివరిల్లే. పురుగుల బొమ్మల కాగితం ఒకటి పట్టుకుని వస్తాడు. ఆ కాగితం మీద ఉన్నది బొద్దింక బొమ్మ ఒక్కటే. శాఖలో ఎవరికీ ఇంకేదీ గుర్తులేదు కాబోలు. తొట్ల కింద, తూము దగ్గర, తలుపు సందుల్లో బొద్దింక కోసం వెతికాడు. ఆకులు తిప్పలేదు.

"శుభ్రంగా ఉంది సిన్నమ్మా. మీ పెరడు సూస్తే కళ్లు నిండిపోతాయి."

"ఏడో వరసంటే ఏటనుకున్నావు నాయినా" అన్నాను. సంతకం పెట్టించుకుని వెళ్లాడు.

రోజు 10

ఆకు వెనక చుక్క పెట్టడానికి చోటు లేదు. రోజూ నీళ్లు కొడుతున్నాను, సబ్బు నీళ్లు చల్లుతున్నాను, బిందెడంటే బిందెడు కొలిచి కషాయం కలుపుతున్నాను. పొద్దున రాలగొట్టినవి సాయంత్రానికి రెట్టింపవుతున్నాయి. విత్తనం కాయ ఒకదాని తొడిమ కనబడనంతగా కమ్మేశాయి. మొక్క చివర ఆకులు గుప్పిట మూసుకున్నట్టు ముడుచుకున్నాయి. తల్లుల్ని చంపాక తగ్గాలి కదా. ఎందుకు పెరుగుతున్నాయో అంతు పట్టడం లేదు.

రోజు 11

అడిగాను. ఇంకేం చేస్తాను, మొక్క పోయేలా ఉంటే రోషం ఎవరికి కావాలి.

అత్త ఆకులు తడిమి చూసింది. "ఇంతలా పెరగవే ఇవి. ఏటి సేసినావు నిజం సెప్పు."

"ఏమీ చేయలేదు. పెద్ద పురుగుల్ని కూడా ఏరి చంపాను. పదిహేడు." కొంచెం గొప్పగానే చెప్పాను.

"పెద్దవా? ఎలాగున్నాయి?"

చెప్పాను. నలుపు, ముళ్లు, ఆరు కాళ్లు.

"మచ్చలు ఏ రంగే?"

"నారింజ."

అత్త చేతిలో ఆకు కింద పడింది. తిడితే బాగుండుననిపించింది నాకు.

"అవి పేనుబంకని తినీవమ్మా. అక్షింతల పురుగు పిల్లలు. పెద్దయితే గుండ్రంగా, ఎర్రగా, అక్షింత గింజంత ఉంటాది. ఒక్కోటి రోజుకి యాభై అరవై తినీసీది. నీకు సాయం వొచ్చిన వాటిని సంపీసినావు."

తొట్టి పక్కన నేల మీద కూలబడ్డాను. మా ఆయన పోయినప్పుడు నలుగురి ముందు ఏడవలేదు, ఎందుకో పళ్లు బిగించుకుని నిలబడ్డాను. ఈ రోజు ఏడ్చాను. చూడటానికి బాగా లేవని చంపాను. అంతకు మించి నా దగ్గర కారణమే లేదు. పురుగంటే ఎలా ఉంటుందో తెలియని జనం మేము. వికారంగా ఉన్నది శత్రువనుకున్నాం. పైగా గిన్నె వంక చూసి మురిసిపోయాను.

అత్త నా తల మీద చెయ్యి వేసింది. "నానే సెప్పాల్సింది. తినీవి కూడా వొస్తాయని నీకు సెప్పలేదు" అంది. ఎందుకు చెప్పలేదో చెప్పలేదు. కాసేపటికి, "ఆకెనకాల అతుక్కుని కదలకుండా ఉన్నవి ఏవైనా ఉన్నాయేమో సూడు. గోరుతో మాత్రం గీకకు" అంది.

చూశాను. ఒకే మొక్క మీద ఐదు ఉన్నాయి. మురికి అనుకుని రేపు గీకేద్దామనుకున్నవే. నారింజ రంగు గింజల్లా ఆకుకి అతుక్కుని ఉన్నాయి. కుంచె తాకిస్తే ఒకటి నిటారుగా లేచి మళ్లీ పడుకుంది. బతికే ఉంది.

ఆ మొక్కకి ఇక సబ్బు లేదు, కషాయం లేదు, గొట్టం లేదు. మిగతా మూడింటికీ నీళ్లు కొడతాను.

రోజు 14

ఈ పొద్దు ఒకటి చీలింది. లోపలినుంచి లేత పసుపు రంగు పురుగు వచ్చింది, ఒక్క మచ్చ లేకుండా. ఇది ఎరుపని అత్త అంది కదా, వేరేదేమో అని అత్తని పిలిచాను.

"ఉండుండు. ఆరనీ" అంది అత్త.

మోటార్ల పనికి వెళ్లి వచ్చేసరికి దానికి రంగు ఎక్కింది. నారింజ ఎరుపు, దాని మీద నల్లటి వంకర గీతలు, ఒళ్లంతా నిగనిగ. సాయంత్రానికి అది ఒక పేనుబంకని ముందుకాళ్లతో పట్టుకుని తినడం చూశాను. ఒకటయ్యాక ఇంకోటి. పదకొండు లెక్కపెట్టి ఇంక లేచాను. నలభై ఎనిమిదేళ్లలో అద్దాలపేటలో ఇలాంటిది కళ్లారా చూసిన మనిషిని నేనేనేమో. ఎవరికైనా చెప్పాలని నోరు పీకింది. చెప్పడానికి ఎవరూ లేరు. అత్తకి మూడుసార్లు చెప్పాను.

రోజు 16

ఐదూ బయటికి వచ్చాయి. తనిఖీ రోజు కూడా ఇదే.

పైడిరాజు తూము దగ్గర వంగి బొద్దింకని వెతుకుతుంటే ఒక అక్షింతల పురుగు ఎగిరి సరిగ్గా వాడి కాగితం మీద, బొద్దింక బొమ్మ పక్కన వాలింది. వాడు కాగితం వదిలేసి తలుపు దాకా వెనక్కి వెళ్లాడు.

"సిన్నమ్మా. పురుగు."

"అవును నాయినా. రాసుకో. రాసుకునే ముందు ఒక్కసారి ఇలా వచ్చి చూడు."

మోటార్ల గదిలో పళ్లచక్రాలు చూసుకునే భూతద్దం ఇచ్చి, ఆకు తిప్పి చూపించాను. చుక్కల్ని ఎలా పట్టుకుంటోందో, ఎలా తింటోందో. వాడు కదలకుండా చాలాసేపు చూశాడు. అద్దం దించాక కూడా ఆకు వంకే చూస్తున్నాడు.

"ఈ పచ్చవి మా ఇంట్లో కూడా ఉన్నాయి సిన్నమ్మా" అన్నాడు మెల్లిగా. "చిక్కుడు తొట్టి మీద దుప్పటి కప్పీసింది మా యావిడ. తొమ్మిది రోజులైంది. నానే తనికీ సేసీవోడిని, ఎవలికి సెప్పుకుంటాను."

పురుగు పట్టిన పెరడంటే మా పేటలో మురికి ఇల్లని అర్థం. ఆ మాట పడ్డ ఇంటివాళ్ల చేతి కూర ఎవరూ తినరు. నేనూ తినేదాన్ని కాదు.

అప్పుడు నాకు వెలిగింది. అద్దం పగిలింది వరసంతటి మీద. నా ఒక్కదాని ఇంటికే ఎలా వస్తాయి?

వంగ తొట్టి ఎత్తి వరస మధ్య నడవలో పెట్టాను. "నా పెరట్లో పురుగులు పడ్డాయి. మీ ఇళ్లలో కూడా ఉంటే బయటికి రండి. దొంగల్లాగా దాచుకోవడం నాకు చేతకాదు" అని అరిచాను. పదహారు రోజులు దాచినదాన్నే, అయినా ఆ మాట అంటుంటే నిజంగా నాకు చేతకాదనే అనిపించింది.

మొదట ఒక్క తలుపూ తెరుచుకోలేదు. తర్వాత ఆరో ఇంటి సన్యాసమ్మ బెండాకు పట్టుకుని వచ్చింది, కళ్లు తుడుచుకుంటూ. ఆమె వెనక ఇంకొకరు. ముప్పై ఒక్క ఇళ్లలో పద్నాలుగు ఇళ్లవాళ్లు ఆకులు తెచ్చారు. ఒక్కొక్కరూ తమ ఇంట్లోనే అనుకున్నారు.

ఇన్ని ఇళ్లన్నాక ఇక దాగేది కాదు, నేనే శాఖకి కబురు పెట్టాను. పైడిరాజు సంతకం కింద నా సంతకం పెట్టాను.

రోజు 17

శుద్ధి శాఖ అధికారి హైమావతి గారు వచ్చారు. నలభై ఏళ్లుంటాయి. వెనక ఆరుగురు మనుషులు, భుజాల మీద ఆవిరి గొట్టాలు. నా పుస్తకం అడిగారు. ఇచ్చాను. గళ్లు చూస్తారనుకుంటే ఆమె అంచులు చదవడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లకి ఒక పాఠకురాలు దొరికింది, అదీ ఈ రోజే.

"'రాయడం వేరు, చెప్పడం వేరు' అని రాశారు" అన్నారు.

"రాశానండి."

"మీరు దాచడం వల్ల పద్నాలుగు ఇళ్లకి పాకింది."

"నేను దాచకపోయినా అద్దం పగిలిందండి. ఆవిరి పెడితే పురుగులు చస్తాయి, వాటిని తినేవీ చస్తాయి. మళ్లీ అద్దం పగిలితే చుక్కలు ముందొస్తాయి. తినేవి ఎప్పుడొస్తాయో ఎవరికి తెలుసు? అప్పుడు పేట మొత్తం ఆవిరి పెట్టాలి. అప్పుడు ఏం తింటారు?"

"మీరు చెప్పేది నమ్మడానికి ఆధారం ఏముంది? ఐదు పురుగులా?"

ఆమె చెయ్యి ఊపారు, గొట్టాలవాళ్లు నా గుమ్మం ఎక్కారు.

గుమ్మం లోపల పీట మీద అత్త కూర్చుని ఉంది. లేవలేదు. వాళ్లు ఆగారు.

"పొగ వదిలీ ముందు గొట్టం మూతి కిందకి పెట్టుకోవాల. లేపోతే మీ మొహానికే కొడతాది" అంది వాళ్లతో. తర్వాత అధికారి గొంతు వచ్చిన వైపు తిరిగింది. "నాకు తెలుసమ్మా. కప్పేసినప్పుడు పురుగుల్ని సంపడానికి నలభై మందిమి దండు కట్టినాం. పదకొండు నెలలు గొట్టం పట్టుకున్నది ఈ సెయ్యే. ఈ పేటని శుభ్రం సేసింది నానే."

నేను కోడలిగా వచ్చి ముప్పై ఏళ్లు. ఈ సంగతి నాకు తెలియదు. మా ఆయనకి తెలుసో లేదో కూడా తెలియదు.

హైమావతి గారు చెప్పులు విప్పారు. మొదటి దండు అంటే పేటలో దేవుళ్ల తర్వాత వాళ్లే.

"సెప్పులు తొడుక్కో అమ్మా, దణ్ణానికి కాదు సెప్పింది" అంది అత్త, ఆ చప్పుడు విని. "మా పొలంలో అక్షింతల పురుగు కనబడితే సేతిలోకి తీసి వేరే మొక్క మీద వొదిలీదాన్ని. ఏది తినీదో, ఏది తినిపించుకునీదో నాకు తెలుసు. సూడొద్దన్నారు, అన్నీ సంపీమన్నారు. సంపీసినాను. నా కోడలు తెలీక పదిహేడు సంపి నేల మీద కూలబడి ఏడిసింది. నాను తెలిసి సంపినాను, ఎన్నో లెక్క లేదు. అప్పుడు ఏడవలేదు. అందుకే దానికి ఏటీ సెప్పలేదు. సెప్పాలంటే ఇదంతా సెప్పాల."

గొట్టాలవాళ్లలో ఒకతను గొట్టం నేల మీద పెట్టాడు.

"పది రోజులు ఇయ్యమ్మా. నా కోడలిది మంచి సెయ్యి. దాని సేతిలో పెట్టు."

ముప్పై ఏళ్లలో మొదటిసారి. అది కూడా శాఖ అధికారి ముందు, వరసంతా వింటుండగా. నా ఛాతీ ఎంత పొంగిందో రాయడానికి అంచుల్లో చోటు చాలదు.

పది రోజులు ఇచ్చారు. షరతు కూడా పెట్టారు. ఆమె స్వయంగా పది ఆకులకి దారం కట్టి, వాటి మీద చుక్కలు లెక్కించారు: నాలుగు వందల పన్నెండు. పదో రోజుకి అందులో సగం కూడా ఉండకూడదు. ఉంటే నా పెరడొక్కటే కాదు, ఏడో వరస ముప్పై ఒక్క ఇళ్లకీ ఆవిరి.

రోజు 20

మూడు వందల తొంభై. ఐదు పురుగులు ఎంతని తింటాయి.

పనినుంచి వచ్చి ఇంటింటికీ తిరుగుతున్నాను. పొద్దున్నే ఆకుల వెనక నీళ్లు కొట్టమని, కషాయానికి బిందెడు నీళ్లకి తగ్గించవద్దని (నా మిరపాకులు చూపిస్తున్నాను), ముళ్లున్న నల్ల పురుగు కనబడితే చెయ్యి వెనక్కి తీసుకోమని చెబుతున్నాను. పైడిరాజు తన కాగితం మీద బొద్దింక పక్కన నల్ల పురుగు, ఎర్ర పురుగు, అతుక్కున్న గింజ బొమ్మలు గీశాడు. బొమ్మలు బాగానే ఉన్నాయి. కాళ్లు ఎనిమిది గీస్తే ఆరుకి దిద్దించాను.

సన్యాసమ్మ బెండలో నల్లవి మూడు కనబడ్డాయట. చంపలేదు. నన్ను పిలిచింది. మనవరాలిని చూపించినట్టు చూపించింది.

రోజు 22

ఆకు వెనక పసుపు రంగు గుడ్లు. నిలబెట్టినట్టు, ఒకదాని పక్కన ఒకటి, రెండు గుంపులు. మొత్తం నలభై మూడు. అత్త వేలు పట్టుకుని ఆకు అంచు దాకా తీసుకెళ్లాను, గుడ్లు మాత్రం తాకనివ్వలేదు. "నాకు తెలీదేటి" అని విసుక్కుంది. ఆమె విసుగు వింటే ప్రాణం కుదుటపడింది.

చుక్కలు మూడు వందల నలభై.

రోజు 25

గుడ్లు పగిలాయి. నల్లటి పిల్లలు, దారపు పోగంత. పుట్టిన గంటలోనే వేటకి వెళ్లాయి. మూడు వందల పది. ఇంకా రెండు రోజులే ఉంది, పిల్లలు ఇంత చిన్నవి. అన్నం సహించలేదు. విత్తనం కాయలు రెండూ పసుపు తిరిగాయి, అయినా గోరు గుచ్చితే తోలు ఇంకా మెత్తగానే ఉంది. ఇప్పుడు కోస్తే లోపల గింజ తాలు.

కోసి దాచేయమని నా మనసు ఒకటే పోరు. కోయలేదు. పది రోజులు అడిగినది మేమే.

రోజు 27

హైమావతి గారు గొట్టాలవాళ్లతోనే వచ్చారు. భూతద్దం తీసుకుని పది ఆకులూ తనే లెక్కపెట్టారు. నడవంతా జనం. అత్త పీట మీద. నేను మోటార్ల గది బట్టల్లోనే నిలబడ్డాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

మూడో ఆకు దగ్గర ఆమె పెదాలు కదపడం ఆపేశారు, లెక్కపెట్టడానికి ఏమీ లేదు. ఏడో ఆకు మీద ముప్పై చుక్కలు, ఎనిమిదో ఆకు మీద నల్ల పిల్ల ఒకటి అప్పుడే ఒకదాన్ని పట్టుకుంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడిపోయారు. నిన్న ఒక్క రోజులోనే పిల్లలు రెండింతలు పెరిగాయి, తిండి నాలుగింతలైంది.

"నూట పద్దెనిమిది" అన్నారు.

సన్యాసమ్మ నన్ను పట్టుకుని ఊపేసింది. పైడిరాజు కాగితం పైకెత్తి తను గీసిన బొమ్మలు అందరికీ చూపిస్తున్నాడు. గొట్టాలవాళ్లు గొట్టాలు గోడకి ఆనించి ఆకులు చూడటానికి వంతులేసుకున్నారు. అత్త మాత్రం, "సగమంటే రెండు వొందల ఆరు. బాగా కిందే ఉంది" అంది, తనే లెక్క తేల్చినట్టు.

రోజు 30

విత్తనం కాయలు కోశాను. గోరు దిగలేదు. కోసి, గుజ్జు నీళ్లలో పిసికాను. తాలు తేలింది, గట్టి గింజ మునిగింది. అత్త గిన్నెలో చెయ్యి పెట్టి అడుగున గింజల్ని తడుముతూ చాలాసేపు కూర్చుంది. రెండు కాయల్లో కలిపి రెండు వేల పైమాటే. పేట మొత్తానికి సరిపోతాయి.

సాయంత్రం హైమావతి గారు వచ్చారు. ఈసారి గొట్టాలు లేవు. మిగతా వరసల్లో కూడా ముళ్ల వంగ వేయిస్తారట, విత్తనం శుభ్రంగా ప్యాకెట్లలో కట్టి ఇమ్మన్నారు.

"విత్తనం ఒక్కటే ఇవ్వనండి" అన్నాను.

ఆమె నా వంక చూశారు.

"విత్తనం పట్టుకెళ్లిన ప్రతి ఇంటివాళ్లూ చుక్కలున్న ఆకు ఒకటి, దాని మీద వాటిని తినే పిల్లలు రెండు పట్టుకెళ్లాలి. పురుగు వద్దన్నవాళ్లకి ముళ్ల వంగ లేదు. మీకైనా అంతే."

అత్త లోపల్నుంచి దగ్గింది. నవ్వు ఆపుకుంటే అలాగే దగ్గుతుంది.

హైమావతి గారు గిన్నెలో గింజల్ని ఒకసారి వేలితో కదిపారు. తర్వాత చెయ్యి చాపారు. వంగాకు తుంచి ఆ అరచేతిలో పెట్టాను. నల్ల పిల్ల ఒకటి ఆకు దిగి ఆమె వేలెక్కింది. ఆమె ఊపిరి బిగబట్టారు గానీ విదిలించలేదు.

"నేను పొరపాటున దీన్ని చంపేస్తే?" అన్నారు.

"నా దగ్గరికి వచ్చి చెప్పండి. నేను పదిహేడు చంపాను. ఇంకోటిస్తాను."